మీ గొంతు నాకు తెలియదు

"భర్త పేరు?"

మొగిలమ్మ జవాబు చెప్పలేదు.

సీఐ మహిపాల్ పెన్ను మొన కాగితం మీద ఆనించి అలాగే ఉంచాడు. గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు. గేటు బయట కానిస్టేబుల్ జీపు ఇంజను కూడా ఆపలేదు.

"అమ్మా, నిన్నే. భర్త పేరేంది?"

అరవై ఏళ్ల మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడ నూనె గిన్నె పట్టుకుని నిలబడి ఉన్న ఆమె చెల్లెలు ప్రేమలత వెంటనే అందుకుంది.

"వీరభద్రం, సార్."

"నిన్నడిగిన్నా?" మహిపాల్ కసిరాడు. "మొగని పేరు చెప్పనీకి గింతసేపా? అడగంగనే మొఖం తెల్లగైతాంది."

కిటికీ పక్కన కూర్చున్న సబియా మొగిలమ్మ చూపును గమనించింది. ఆ చూపులో భయం లేదు. ఎవరికోసమో వెతుక్కుంది. అలవాటైన చోటే వెతుక్కుంది.

"మేడం గారూ, మీరు గీడ ఏ హోదాల కూసున్నరో జర చెప్తరా?" మహిపాల్ ఆమె వైపు తిరిగాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్ ఎస్సైలు. సబియా ఎనిమిదేళ్ల కిందట యూనిఫాం వదిలేసి హన్మకొండలో సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమె తన దారికి అడ్డం వచ్చిన ప్రతిసారీ మహిపాల్‌కు ఈ 'గారూ' గుర్తొస్తుంది.

"అనిల్ తరఫున సార్. ఆయన బిగించిన మిషన్ మీదనే గదా మీ కేసంత నిలబడ్డది."

గోడకు ఆనుకుని నిలబడ్డ అనిల్ ఇంకాస్త ముడుచుకున్నాడు. ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించడం అతని పని. ఈ ఇంట్లో బిగించింది మామూలు టీవీ, నాలుగు స్పీకర్లు కాదు. నోటితో చెబితే లైట్లు ఆర్పుతుంది, సౌండు పెంచుతుంది, తలుపు వేస్తుంది. చెయ్యి కదపనక్కర్లేదు.

ఆ గదిలోనే మంగళవారం మధ్యాహ్నం వీరభద్రం చనిపోయాడు. వయసు అరవై ఆరు. ఊపిరితిత్తులు పాడై ఏడాదిగా ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్న మనిషి. మూడూ పదికి టీ తీసుకెళ్లిన ప్రేమలత మొదట చూసింది. ముక్కుకు గొట్టం ఉంది, మిషన్ నడుస్తోంది, తెర మీద సినిమా మెల్లగా ఆడుతోంది. నిద్రలో పోయాడనుకున్నారు. బుధవారం ఉదయం దహనం అయిపోయింది.

బుధవారం సాయంత్రం అనిల్ తన మిషన్ మీద నింద పడుతుందేమోనని భయపడి, ఆ రోజు దానికి ఎవరెవరు ఏమేం చెప్పారో ఆ చిట్టా బయటికి తీశాడు. చదివి వణికిపోయి పోలీసులకిచ్చాడు. ఆ ఒక్క కాగితం ఇప్పుడు మొగిలమ్మ మెడకు చుట్టుకుంది.

"మంగళారం రెండుంబావుకు ఏడున్నవ్?" మహిపాల్ మళ్లీ మొదలుపెట్టాడు.

"పండుకున్న సారూ. పొద్దుగాల దవాఖానకు పోదాం పా అంటే ఆయన ఇనలే. జర లొల్లయింది. ఏడ్సి ఏడ్సి కన్నంటుకున్నది."

"పండుకున్నట్టు ఎవలన్న చూసిన్రా?"

"పండుకున్నోళ్లను ఎవలు సూస్తరు సారూ?"

"ఒట్టేసి చెప్తవా?"

"కురవి సామి మీద ఒట్టు."

మహిపాల్ గడియారం చూసుకున్నాడు. "నాలుగ్గొట్టంగ తీస్కపోత. బట్టలు సదురుకోమనున్రి."

మొగిలమ్మ కదల్లేదు. "సారూ, లోపల దీపం పెట్టిన. ఆయన పోయినకాడ పదోనాటి దాంక ఆరొద్దు. నేను లేకపోతే..."

"నేను సూస్కుంట అక్కా," అంది ప్రేమలత. ఆమెకు నలభై ఎనిమిది ఉంటాయి. గొంతు చాలా మెత్తన. "నువ్వేం ఫికర్ చెయ్యకు."

సబియా లేచి ఆమె దగ్గరికి వెళ్లింది. "మీరు రెండుంబావుకు ఎక్కడున్నరమ్మా?"

"డాబా మీద మేడం. వడియాలు పెడ్తాన."

"ఆమెనెందుకు అడుగుతాన్రు?" మహిపాల్ అడ్డొచ్చాడు. "చిట్టాల ఆమె పేరున్నదా?"

సబియా తలెత్తింది. వంటింటి గుమ్మం పైన ఒక ఫోటో ఉంది. నలభై దాటని మగమనిషి, సన్న మీసం. దండ వాడింది గానీ పాతది కాదు. రెండు మూడు రోజులదే.

"ఈయన ఎవరు?"

"మా ఆయన, మేడం."

"పేరు?"

ప్రేమలత నోరు తెరవలేదు. అక్క వైపు చూసింది. అంతవరకు భర్త పేరు అడిగితే రాయిలా కూర్చున్న మొగిలమ్మ ఆ మాట ఇట్టే అందించింది.

"రాజమల్లు, బిడ్డా. నెక్కొండల మా టాకీసుల ఆపరేటర్ ఉండె. పదమూడేండ్లాయె పోయి. మొన్న మంగళారమే సంవత్సరీకం."

సబియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. 

"సార్, పోయేముందు ఆ గది చూడనియ్యున్రి. పది నిమిషాలు."

"పదకొండోది గాకుండ సూస్కో," అన్నాడు మహిపాల్.

*

సినిమా గది తలుపు ఇంటి తలుపుల్లో కలవలేదు. మందపాటి పాత టేకు చెక్క. లోపలివైపు నల్లటి మెత్త అంటించి కరెంటు తాళం బిగించారు. బయటివైపు మాత్రం పాతది పాతగానే ఉంది. రంగు పెచ్చులూడిన చోట చెక్క నల్లగా మాడి కనిపించింది. నడుమ ఒక ఇనుప గడి.

"ఇది ఏడిది?" సబియా అడిగింది.

"నెక్కొండ టాకీసుది మేడం," అనిల్ గొంతు తగ్గించాడు. "టాకీసు కూలగొట్టినప్పుడు ఆపరేటర్ క్యాబిన్ తలుపు తెచ్చుకున్నడు పెద్దాయన. దీన్నే బిగియ్యమన్నడు. గుర్తుకు ఉండాలె అన్నడు."

"క్యాబిన్ తలుపుకు గడి బయట ఎందుకున్నది?"

అనిల్ వెనక్కి చూశాడు. మహిపాల్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"రీలు నడిసేటప్పుడు ఆపరేటర్ బీడీకని బయటికి పోతే బొమ్మ ఆగిపోతదని, పెద్దాయన బయటినుంచి గడి పెట్టేటోడట. ఆట ఇడిసినంక తీసేటోడు. రాజమల్లు పోయిన్నాడు మ్యాటినీ ఆడుతాంది. క్యాబిన్ల వైర్లు అంటుకున్నయి. పొగ కమ్మింది. పెద్దాయన గడి పెట్టి అన్నం తినబోయిండట."

సబియా గడి మీద వేలు పెట్టింది. ఎవరూ వాడని గడి తుప్పు పట్టాలి. ఇది మెత్తగా జారింది. వేలికి నూనె తడి అంటుకుంది. వాసన చూసింది. నువ్వుల నూనె.

"ప్రేమలత ఈ ఇంట్లకు ఎప్పుడొచ్చింది?"

"రాజమల్లు పోయిన ఏడే. మొగిలమ్మమ్మనే తెచ్చుకున్నది. ఇల్లంత ఆమెనే నడుపుతది."

అంటే ఈ తలుపు పెట్టినప్పటి నుంచి ప్రేమలత రోజూ దాని ముందు నుంచే నడుస్తోంది.

గదిలో కిటికీలు లేవు. పన్నెండు ఎర్ర కుర్చీలు, అవీ టాకీసువే. ముందు వరుసలో నడిమి కుర్చీ ఎదుట నేల మీద ఒక ప్రమిద, ఒక చెంబు నీళ్లు. గోడలు, కప్పు మొత్తం నల్లటి మెత్త. అడుగు వేస్తే అడుగు వినబడదు. మాట్లాడితే మాట పెదవుల దగ్గరే చచ్చిపోతుంది. సబియా ఫోన్ చూసింది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

"దీన్ని ఎట్ల పిలవాలె?"

"పెద్దాయన పేరే పెట్టుమన్నడు మేడం. టాకీసు పేరు గూడ వీరభద్రనే గదా. ఆ పేరు పెట్టి పిలిస్తెనే లేస్తది, మాటల నడుమ అంటే లేవదు."

సబియా తెరకు ఎదురుగా నిలబడింది. "వీరభద్రా, లైట్లు పెంచు."

తెర కింద సన్నటి నీలం గీత వెలిగింది. నాలుగు మూలల నుంచి ఒకే గొంతు వచ్చింది. అది మగ గొంతూ కాదు, ఆడ గొంతూ కాదు.

"క్షమించండి. మీ గొంతు నాకు తెలియదు."

నీలం గీత ఆరిపోయింది. దీపం మాత్రం కదలకుండా నిలబడి ఉంది.

"చుట్టాల పిల్లలొచ్చి అల్లరి చేస్తాన్రని రెండే గొంతులకు పెట్టిచ్చిండు," అనిల్ వివరించాడు. "ఒకటి ఆయనది, ఒకటి అమ్మది. వేరేటోళ్లు ఎంత మొత్తుకున్నా ఇనది. తలుపు గూడ గంతే. లోపల ఒక మీట పెడ్త అన్న. గోడ అందం పోతదని వద్దన్నడు."

"మైకు ఈ గదిలోనే ఉన్నదా?"

"హాల్ల గూడ ఒకటున్నది. నడుసుకుంట వచ్చేటప్పుడే మిషన్ ఆన్ చెయ్యమనేటోడు. ఏ మైకు ఇన్నదో చిట్టాల రాదు."

"చిట్టా చదువు."

అనిల్ జేబులోంచి కాగితం తీశాడు. 

"ఒకటీ యాభై ఎనిమిది. వీరభద్రం. సినిమా మోడ్. అంటే లైట్లు ఆరి తలుపు పడ్డది. రెండూ పదారు. మొగిలమ్మ. సౌండ్ డెబ్బై. రెండూ పదిహేడు. మొగిలమ్మ. ఆక్సిజన్ ఆపు."

"ఆక్సిజన్ మిషన్ గూడ మాట ఇంటదా?"

"దాని ప్లగ్గు ఇంటది. లేవకుండనే ఆన్ ఆఫ్ చేసుకుంట అన్నడు." అనిల్ మళ్లీ కాగితం వైపు చూశాడు. "రెండూ పందొమ్మిది. గుర్తుపట్టని గొంతు. రెండూ పందొమ్మిది. గుర్తుపట్టని గొంతు. రెండూ ఇరవై. గుర్తుపట్టని గొంతు. రెండూ ఇరవై రెండు. గుర్తుపట్టని గొంతు."

"ఎవరిది ఆ గొంతు?"

"ఆయనదే మేడం. ఊపిరందక గొంతు మారిపోయింది. పైనుంచి సినిమా మోత. మిషన్ పట్టలే."

ఆ నాలుగుసార్లూ ఈ నాలుగు మూలలూ ఏం జవాబు చెప్పి ఉంటాయో ఇద్దరికీ తెలుసు. ఇప్పుడే విన్నారు. సబియా నడిమి కుర్చీ వైపు చూసింది.

"రిమోట్?"

"హాల్ల టీవీ ఎనుక దొరికింది. దినాం ఆయన ఒళ్లె ఉంటుండె."

"తర్వాత?"

"రెండూ యాభై ఒకటి. మొగిలమ్మ. ఆక్సిజన్ ఆన్. సౌండ్ ఇరవై ఐదు. తలుపు తెరువు. గంతే."

ముప్పై నాలుగు నిమిషాలు. అంతసేపు ఎవరో హాల్లో నిలబడి, మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ ఆగారు. ఎంతసేపు ఆగాలో వాళ్లకు తెలుసు.

"గొంతును దీనికి ఎట్ల నేర్పుతరు?"

"తెర మీద అక్షరాలొస్తయి. ఆ పేరును ఐదుసార్లు పలకాలె. టిక్కులు పడ్తయి. అయిపోయె."

"మొగిలమ్మ పలుకుతుంటే నువ్వు చూసినవా?"

అనిల్ కప్పు వైపు చూశాడు. "నేను నిచ్చెన మీదున్న మేడం. కప్పుల తలకాయ పెట్టి స్పీకర్ వైరు గుంజుతాన. కింద ఆడమనిషి పలుకుడు ఇనబడ్డది. ఐదు టిక్కులు పడ్డయి. నేను దిగి మొగిలమ్మ అని పేరు కొట్టిన."

"ఎవరు పలికిన్రో చూడకుండనే?"

"ఇంట్ల అమ్మ గొంతు పెట్టుమన్నడు. అమ్మ గాక ఇంకెవలు పలుకుతరు?"

సబియా అతని భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు పుట్టి పెరిగింది ఈడనే గదా అనిల్. నలభై ఏళ్ల కిందట పెళ్లయిన ఆడమనిషి, మొగని పేరు ఐదుసార్లు పలుకుతదా?"

అనిల్ కాగితం మీది మొగిలమ్మ పేరును మళ్లీ చూశాడు.

"ఏం గుసగుసలు?" మహిపాల్ లోపలికి వచ్చాడు. "పది నిమిషాలైంది."

"సార్, కురవిలో ఉన్న దేవుడి పేరేంది?"

"వీరభద్రస్వామి. చిన్నపిల్లగాన్నడిగినా చెప్తడు."

"మొగిలమ్మ ఏమన్నది? కురవి సామి అన్నది. మొగనిది సరే, మొగని పేరున్న దేవున్ని గూడ పేరుపెట్టి అనది. ఈ మిషన్ ఆమె మాట ఇనాలంటే ముందుగాల ఆ పేరు పలకాలె. చిట్టాలో ఉన్నది ఆమె గొంతు కాదు."

మహిపాల్ నవ్వాడు. "బాగున్నది మేడం గారూ. పది మంది ముంగట అనకపోవచ్చు. మొగన్ని సంపెటామె ఒక్కతే ఉన్నప్పుడు పేరుకు సిగ్గుపడ్తదా? జడ్జి గారికి గిదే చెప్తరా, కురవి సామి అన్నది ఇడిసిపెట్టున్రి అని?"

"మా దాదీమా దాదా పేరు చచ్చేదాంక అనలేదు సార్. ఆస్పత్రిల డాక్టర్ అడిగితే నన్ను గిచ్చి చెప్పించింది. ఒక్కతే ఉన్నప్పుడు గూడ ఆ పేరు ఆమె నోట్ల లేదు. మీ అమ్మ అంటదా?"

మహిపాల్ ముఖం బిగుసుకుంది. "మా అమ్మ జోలికి రాకు."

"అంటదా?"

"అనది," అన్నాడు చూపు తిప్పుకుని. "అయినా రుజువు గావాలె. ఆమెను పిలుస్త. ఈడనే నిలబడి ఆ పేరు అనమను. మిషన్ గుర్తుపడితే బేడీలు. గుర్తుపట్టకపోతే నేనే హాల్ల కూసోబెట్టి దండం పెట్టి పోత. మంజూరా?"

"మంజూర్."

"అంతకన్న సుకరమున్నది సార్," అనిల్ ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "మిషన్ల దాసుకున్న గొంతు నా ల్యాప్‌టాప్‌ల ఇనొచ్చు. షాపుల ఉన్నది. అరగంటల తెస్త. జర ఆ గొంతును ఎవలు తియ్యకుండ సూడున్రి. ఆ గొంతున్న మనిషే తీసెయ్ అంటే తీసేస్తది. పొరపాటున అన్నరేమోనని ఒక్క నిమిషం ఆగుతది, గంతే."

అతను వెళ్లడానికి తిరిగాడు. గుమ్మంలో నూనె గిన్నెతో ప్రేమలత నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడి ఉందో మెత్తలు అంటించిన ఆ గదిలో ఎవరికీ వినబడలేదు.

"దీపంల నూనె పొయ్యనీకి వచ్చిన," అంది ప్రేమలత. అతనికి దారి ఇచ్చి పక్కకు జరిగింది.

*

మూడూ ముప్పై ఆరుకు మొగిలమ్మ ఆ గదిలోకి వచ్చింది. ముందు దీపం దగ్గరికి వెళ్లి వంగి చూసింది. వత్తి సరిచేసింది. తర్వాతే మనుషుల వైపు తిరిగింది.

మహిపాల్ చిట్టాలో ఉన్నదంతా, నాలుగుసార్లు పిలిచిన గుర్తుపట్టని గొంతుతో సహా, చెప్పాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పేరు అంటే చాలు.

మొగిలమ్మ తల అడ్డంగా ఊపింది.

"అమ్మా, మీ మంచికే," సబియా ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "మిషన్ మీ గొంతు గుర్తుపట్టదు. అదే మీకు సాక్ష్యం."

"నలభై ఒక్క ఏండ్లు అనలే బిడ్డా. ఇప్పుడంటనా?" ఆమె దీపం వైపు చూపించింది. "ఇంక మూడొద్దులు గాలే. ఆయన ఈడనే తిరుగుతాండు. పేరు పెట్టి పిలిస్తే తొవ్వల ఆగిపోతడు. పోలేడు. నన్ను తీస్కపోండ్రి సారూ. జైలుకే తీస్కపోండ్రి. పేరు మాత్రం నా నోట రాదు."

"సూసిన్రా?" మహిపాల్ మెల్లగా అన్నాడు. ఆ గొంతులో గెలుపు లేదు. "నేనేం చెయ్యాలె ఇంక?"

సబియా మొగిలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"పేరు అనొద్దు. నేను ఇంకొకటి అడుగుత. ఈ మిషన్ పెట్టిన్నాడు తెర మీద అక్షరాలొచ్చినయి. ఐదుసార్లు పలుకుమన్నది. మీరు పలకలే. మీ బదులు ఎవరు పలికిన్రు?"

మొగిలమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఎవలు పలుకుతరు బిడ్డా? ఎప్పుడైనా నా బదులు..."

తెర కింద నీలం గీత వెలిగింది.

గదిలో ఎవరూ ఆ పేరు అనలేదు. ముగ్గురి పెదవులూ మూసే ఉన్నాయి.

"నమస్తే మొగిలమ్మ గారూ," అంది మిషన్.

మొగిలమ్మ ఉలిక్కిపడి సబియాను పట్టుకుంది. మహిపాల్ కళ్లు ఆమె మూసుకున్న నోటి మీదే ఉన్నాయి.

"సినిమా మోడ్," అని అదే గొంతు ప్రకటించింది.

తలుపు దానంతట అదే కదిలింది. మహిపాల్ రెండంగల్లో దూకాడు. వేళ్లు తగిలేలోపే అది మెత్తగా మూసుకుంది. తాళం పడింది. లైట్లు ఒక్కొక్కటే వెనక వరుస నుంచి ఆరుతూ వచ్చాయి. చివరికి నడిమి కుర్చీ ముందు దీపం ఒక్కటే మిగిలింది.

"కానిస్టేబుల్!" మహిపాల్ తలుపు బాదాడు. మెత్తలు ఆ దెబ్బల్ని మింగేశాయి. ఫోన్ తీసి చూసి తిట్టుకున్నాడు.

"హాల్ల మైకు ఉన్నది సార్," అంది సబియా. "ఆడినుంచి మాట్లాడుతాంది. మొగిలమ్మ పేర్న నమోదైన గొంతు."

"ఎవలది?"

మొగిలమ్మ దీపం వెలుతురులో మరింత ముసలిదానిలా కనిపించింది. 

"రేషన్ కార్డుకు పోయినా, దవాఖానల చిట్టీకి పోయినా, ఆయన పేరేందంటే నేను దాని మొఖం సూస్త. అది చెప్తది. దాని మొగని పేరు అడిగితే అది నా మొఖం సూస్తది. పదమూడేండ్ల సంది గిదే. టీవీ పెట్టుమంటే గూడ అదే పెడ్తది. మిషన్‌కు గూడ అదే చెప్పింది, ప్రేమ. నేనే చెప్పుమన్న." ఆమె తెర వైపు చూసింది. "అది నాతోని నవ్వుకుంట చెప్పింది బిడ్డా. ఐదుసార్లు."

నీలం గీత మళ్లీ వెలిగింది.

"మొగిలమ్మ గారి గొంతు తొలగించమన్నారు. ఒక నిమిషంలో తొలగిస్తాను."

సబియా చప్పున లేచింది. "అది పోతే ఇంక పోల్చి చూడనీకి ఏం మిగలదు సార్. అనిల్ ల్యాప్‌టాప్ తెచ్చినా లాభం లేదు. చిట్టాలో మాత్రం మొగిలమ్మ అని ఉంటది."

మహిపాల్ చేతి గడియారం వెలిగించుకున్నాడు. మూడూ నలభై ఒకటి దాటి పది సెకన్లు. అతను మొగిలమ్మ వైపు తిరిగాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆమె వీళ్లను చూడటం లేదు.

ఆమె ఖాళీ కుర్చీని చూస్తోంది.

"పిలిసినవా?" అంది ఆ కుర్చీతో. "ఊపిరాడకుంట ఈడ కూసోని పిలిసినవా? నేను పక్క అర్రలనే పండుకున్న గదయ్యా. నన్ను పిలువకపోతివి. గీ ఇనుముకు మొక్కితివి. అది నిన్ను ఎరుగనన్నదా?"

ఇరవై సెకన్లు. ముప్పై.  

మొగిలమ్మ ముందుకు వంగి కుర్చీ చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరు వినడానికి కాదు, ఒక్కడు వినడానికి అన్నట్టు ఆ మాట అంది.

"వీరభద్రా."

నలభై ఒక్క ఏళ్లుగా వాడని మాట. కొత్తగా, తడబడుతూ వచ్చింది.

నీలం గీత వెలిగింది. నాలుగు మూలల నుంచి జవాబు వచ్చింది.

"క్షమించండి. మీ గొంతు నాకు తెలియదు."

మొగిలమ్మ కళ్లు మూసుకుంది. మంగళవారం ఆయన విన్న మాట ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

మహిపాల్ నోటుబుక్కు తీశాడు. దీపం వెలుతురులో వంగి రాశాడు. మూడూ నలభై ఒకటి దాటి యాభై సెకన్లు. ఇంటి యజమానురాలు నా ముందర పిలిచింది. మిషన్ గుర్తుపట్టలేదు. కింద సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి మొగిలమ్మకు రెండు చేతులూ జోడించాడు.

"గుర్తుపట్టకపోతే దండం పెడ్త అన్న గదమ్మా. పెట్టిన."

"హాల్ల కూసోబెడ్త అన్నరు గూడ," అంది సబియా. "ముందుగాల బయటపడాలె గదా సార్."

నీలం గీత ఈసారి కొంచెంసేపు వెలుగుతూనే ఉంది.

"మొగిలమ్మ గారి గొంతు తొలగించాను. ఇప్పుడు ఈ ఇంట్లో నాకు తెలిసిన గొంతు ఒక్కటే. వీరభద్రం గారు చెబితే తలుపు తెరుస్తాను."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈ తలుపు తెరవగలిగిన ఒకే ఒక్క గొంతు బుధవారం ఉదయం కాలిపోయింది.

"కరెంటు బంద్ చేస్తే తాళం ఊడుతది," మహిపాల్ గొణిగాడు. "అనిల్ గాడు వస్తడు. మెయిన్ తీస్తడు. అరగంట. గంతే గదా."

 సబియా అరచేయి తలుపు మీద ఆనించి ఉంది. మెత్త అడుగున పాత చెక్క సన్నగా అదిరింది. నూనె పోసిన ఇనుము నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా జరిగి, టక్కున ఆగింది.

బయట గడి పడింది. ఇంక కరెంటు తీసినా ఈ తలుపు రాదు.

పదమూడేళ్ల కిందట ఒక మ్యాటినీ ఆటలో, ఇదే తలుపుకు లోపలివైపు నిలబడి, రాజమల్లు చివరిసారి విన్న చప్పుడు అదే.